సంచిలో వచ్చిన మట్టి

పొద్దున్నే ప్రగతి నగర్ చెరువు చుట్టూ నడుస్తుంటాను. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యవసాయ విస్తరణ అధికారి ఎవరో ఉంటారు అవతల. "మేడం, టమాటాకు ఎకరాకు ఎంత యూరియా చెప్పాలి?" అని అడుగుతారు. "పొలం చూశావా నాయనా?" అంటాను. "మట్టి పరీక్ష కార్డు ఉంది మేడం, ఫొటో పెట్టమంటారా?" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మండకూడదు, నిజానికి. నేనూ ఒకప్పుడు కార్డు చూసి చెప్పినదాన్నే.

అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, బదిలీ ఎవరు ఆపారు, ఏ ఫైలు ఎన్నాళ్లు తిరిగింది అనేవి ఇందులో ఉండవు. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి. నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు వల్ల పొలం పోగొట్టుకున్న ఒక మనిషి గురించి చెబుతాను. ఉద్యోగమంటే ఏంటో నాకు ఆమె దగ్గరే తెలిసింది.

నువ్వు అన్నారని అలిగిన రోజులు

మాది తెనాలి వైపు. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చాను. మా ఆయన లెక్కల మాస్టారు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ నాకు ఊళ్లు. బాచుపల్లి చుట్టుపక్కల ఊళ్లలోనే ఎక్కువ కాలం పనిచేశాను. అప్పటికే మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాయి. మా వైపు ఇంకా టమాటా, పాలకూర, వంకాయ పండేవి. పొద్దున కోసిన కూర మధ్యాహ్నానికి అక్కడి హాస్టళ్ల వంటింట్లో ఉండేది.

మొదటి రోజు ఒక ముసలాయన నన్ను చూసి "ఏం మేడం, గిట్లొచ్చినవ్?" అన్నాడు. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర ఏడ్చినంత పనిచేశాను. "ఆఫీసర్ని పట్టుకుని వచ్చినవ్ అంటాడా!" అని. ఆ "నువ్వు"లో ఎంత ఆప్యాయత ఉందో అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాత ఎవరైనా నన్ను "మీరు" అంటే వీళ్లకు నా మీద కోపమొచ్చిందేమో అని బెంగగా ఉండేది.

మా పని

రైతుకు తెలియనిది చెప్పడం మా పని అనుకుని చేరాను. అందులో సగమే నిజం. రైతుకు తెలిసి, మనకు చెప్పనిది చాలా ఉంటుంది. దాన్ని బయటికి రప్పించడం మిగతా సగం. కాలేజీలో మొదటి సగమే నేర్పారు.

పోషకాల ప్రణాళిక అంటే పెద్ద మాటలా ఉంటుంది గానీ, సంగతి చిన్నది. నేలలో ఏముందో చూడాలి, పైరుకు ఏం కావాలో చూడాలి, తక్కువైనదే వేయాలి. ఎక్కువైతే దండగ. పైగా అది నేలనూ నీళ్లనూ పాడుచేస్తుంది. నేలలో ఏముందో తెలియాలంటే మట్టి పరీక్ష చేయించాలి. దానికి మట్టి తీసే పద్ధతి ఒకటుంది. పొలమంతా వంకరటింకరగా నడిచి, ఎనిమిది పది చోట్ల జానెడు లోతు గుంత తవ్వి, గుంత పక్క నుంచి పైనుంచి కింది దాకా పలచగా చెక్కాలి. అదంతా ఒకచోట పోసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ పోతే చివరికి అర్ధకిలో మిగులుతుంది. గట్ల దగ్గర తీయకూడదు. చెట్టు కింద తీయకూడదు. పెంటకుప్ప వేసిన చోట అసలే తీయకూడదు.

ఈ పద్ధతి నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. రైతుల మీటింగుల్లో వందసార్లు చెప్పాను. చెప్పడం వేరు, తవ్వడం వేరు.

చెప్పులు చూసే ఆఫీసర్

నా మొదటి ఏడీ గారు, అంటే మా పై అసిస్టెంట్ డైరెక్టర్, పొద్దున రివ్యూలో మా మొహాలు చూసేవారు కాదు, కాళ్లు చూసేవారు. "చెప్పులకు మట్టేదమ్మా?" అనేవారు. నేను ఒకసారి తెలివిగా ఆఫీసు ముందు పూలకుండీలోని కొబ్బరిపొట్టులో కాలు పెట్టి లోపలికెళ్లాను. ఆయన వంగి చూసి, "ఈ కోకోపీట్ ఏ ఊళ్లో దొరుకుతుందమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నోరు మంచిది కాదు, పొగిడిన పాపాన పోలేదు. కానీ ఆయన ఉన్నన్నాళ్లూ పొలం చూడకుండా ఎవరూ ఏమీ రాయలేదు.

తర్వాత వచ్చినాయన నెమ్మదస్తుడు. ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు. ఆయనకు కావలసింది సంచులు. జిల్లాలో మన మండలం నుంచే ఎక్కువ మట్టి నమూనాలు వెళ్లాలి, అంతే. "ఇంతమంది పొలాలకు మీరెక్కడ తిరుగుతారమ్మా, పంచాయతీ ఆఫీసులో కూర్చోండి, రైతులే తెచ్చిస్తారు" అన్నారు. ఆయన చెడ్డవాడని నేను అనను. నాకు మోకాళ్ల నొప్పి మొదలైంది, ఎండలు మండిపోతున్నాయి. ఆ మాట నాకు చల్లగా తాకింది. కుదరదని చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

అంజమ్మ

ఆ ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు, పెద్ద పటేల్, చిన్న పటేల్. ఇద్దరివీ పక్కపక్క పొలాలు, మధ్యలో ఒక్క గట్టు. పెద్ద పటేల్ రెండెకరాలు అంజమ్మ అనే ఆమె కౌలుకు చేసేది. ఆమె భర్త మాదాపూర్‌లో ఒక ఆఫీసు గేటు దగ్గర గార్డు. పొలం పనంతా ఆమెదే. కౌలు కాగితం లేదు, నోటి మాటే. ఏడాదికోసారి పటేల్ సరే అంటేనే ఆమె చేతిలో నాగలి. ఆ ఏడాది ఆయన ఒక మాట చెప్పాడట. "పంట మంచిగ తీస్తే ఇంకో మూడేండ్లు నీకే ఇస్త. లేదంటే గోడ పెట్టిస్త." చుట్టూ అన్నీ గోడలే లేస్తున్న కాలం అది.

అంజమ్మకు చదువు రాదు. అయినా నా మీటింగుల్లో ముందు వరసలో కూర్చునేది, ప్రశ్నలు వేసేది. మిగతా ఆడవాళ్లు చాయ్ కోసం వచ్చేవాళ్లని నాకు తెలుసు. "నేను కార్డు మీద ఉన్నట్టే ఎరువేస్త మేడం. ఒక్క గింజ ఎక్కువ వెయ్య, ఒక్క గింజ తక్కువ వెయ్య" అంది. నాకు ఎంత సంతోషమైందో! మిగతావాళ్లు కార్డులతో బియ్యం డబ్బాలు మూస్తుంటే, ఆమె తన కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో దేవుడి పటం పక్కన నిలబెట్టింది. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా అటే చూసేదాన్ని.

ఆ పొలం మట్టి సంచి మాత్రం ఆమె తేలేదు. భూమి తనది కాబట్టి పటేలే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నల్లగా, మెత్తగా, చేతిలో పిండిలా ఉంది. "మంచి భూమి పటేల్‌గారూ మీది" అన్నాను. ఆయన మీసం తిప్పాడు.

కార్డులో భాస్వరం ఎక్కువ, నత్రజని సరిపడా అని వచ్చింది. నేను లెక్కకట్టి, భాస్వరం కోసం దుక్కిలో వేసే డీఏపీ మొత్తం మానేయమన్నాను, యూరియా సగానికి తగ్గించమన్నాను. అంజమ్మ రెండుసార్లు చదివించుకుంది. "అసలు డీఏపీ వద్దా మేడం? ఎప్పుడూ వేస్తనే ఉంటిమి" అంది. "వద్దు. నేలలో దండిగా ఉంది" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో నాకిప్పటికీ గుర్తుంది.

ఊదారంగు ఆకులు

టమాటా నారు నాటిన మూడు వారాలకు ఆమె ఫోన్ చేసింది. "మేడం, మొక్కలు ఎదుగుతలేవు. జర వచ్చి చూడవా?"

వెళ్లాను. మొక్కలు నాటినప్పుడు ఎంత ఉన్నాయో దాదాపు అంతే ఉన్నాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున ఊదారంగు. భాస్వరం అందకపోతే ఆకు అలా తిరుగుతుందని మొదటి ఏడాది విద్యార్థి కూడా చెబుతాడు. నాకూ తట్టింది. కానీ కార్డులో భాస్వరం ఎక్కువ అని నా చేత్తో నేనే రాసి ఇచ్చాను కదా. కళ్లెదుట ఆకు ఒకటి చెబుతోంది, కాగితం ఇంకోటి చెబుతోంది. నేను కాగితాన్ని నమ్మాను.

"చలికి అలా అవుతుంది అంజమ్మా. చలి పట్టినప్పుడు వేరు ఎరువును లాగలేదు. సంక్రాంతి పోతే లేస్తాయి" అన్నాను. అది అబద్ధం కాదు, చలికీ అలా అవుతుంది. కానీ పక్క పొలాల్లో టమాటాకు కూడా అదే చలి. అవి మోకాలెత్తు లేచి పూతకొచ్చాయి. అటు తల తిప్పి చూడలేదు నేను.

ఆమె అడ్డు చెప్పలేదు. "నువ్వు చెప్తే అంతే మేడం" అంది. ఇంకో మూడు వారాలు ఆగింది.

ఒకే బల్ల మీద రెండు కార్డులు

ఒకరోజు ఆఫీసులో మిగిలిపోయిన కార్డులు సర్దుతున్నాను. చిన్న పటేల్ తన కార్డు తీసుకెళ్లనే లేదు. ఊరికే చూశాను. భాస్వరం అతి తక్కువ, సేంద్రియ కర్బనం లేనట్టే. పొలం ఎక్కడా అని చూస్తే అంజమ్మ పొలం పక్కదే, గట్టు అవతల.

ఒక్క గట్టుకు అటూ ఇటూ ఒకే నేల. ఒకటి వెన్న, ఒకటి బూడిద ఎలా అవుతుంది? ఈ రెండు కార్డులూ ఒకే రోజు, ఒకే బల్ల మీద, నేనే రాశాను. పక్కపక్కన పెట్టి చూసే ఓపిక లేకపోయింది.

చెప్పులేసుకుని నేరుగా ఊరికి వెళ్లాను. చిన్న పటేల్ దాచలేదు, హాయిగా నవ్వాడు. "నాకు ప్లాట్లు చేసుకునేది ఉంది మేడం. భూమి పనికిరాదని కాగితం ఉంటే మంచిదని మోరం రాళ్లమట్టి నింపి తెచ్చిన. రోడ్డు పొంటి కుప్ప పోసిండ్రు గదా, గందులకెల్లి."

పెద్ద పటేల్ కాసేపు నసిగాడు. ఊళ్లో ఒక పుకారు తిరిగిందట. సర్కారు మట్టికి మార్కులేస్తుందని, మార్కులు తక్కువొచ్చిన భూమిని బీడు అని రాసి రోడ్డుకు తీసుకుంటుందని. "నాకు అమ్మేది లేదు మేడం. అందుకే మంచి మార్కులు రావాలని మంద కూసునే మూలకెల్లి తెచ్చిన" అన్నాడు.

మంద అంటే గొర్రెల మంద. ఎండాకాలంలో గొర్రెలవాళ్లు మందను తెచ్చి ఖాళీ పొలంలో కొన్ని రాత్రులు ఆపుతారు. ఆ పేడ, ఆ మూత్రం నేలకు బలం. ఇదివరకు ఆ రెండెకరాలూ మంద తిరిగేదట. పక్కన అపార్ట్‌మెంట్ల గోడ లేచాక దారి మూసుకుపోయి, రోడ్డు పక్క మూల ఒక్కటే మిగిలింది. ఏళ్ల తరబడి బలమంతా ఆ మూలకే చేరింది. మిగతా నేల ఏటా కాస్త కాస్త వట్టిపోయింది. గోడ ఎప్పుడు లేచిందో, మంద ఎక్కడ ఆగుతుందో ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. నేను అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఒకాయన అమ్మాలని చెడ్డ మట్టి తెచ్చాడు, ఇంకొకాయన అమ్మకూడదని మంచి మట్టి తెచ్చాడు. హైటెక్ సిటీ నీడ పడే ఊళ్లలో తప్ప ఈ విచిత్రం ఇంకెక్కడా జరగదేమో. మధ్యలో ఏ అబద్ధమూ ఆడని మనిషి ఒక్కర్తే, ఆమె పైరే పోయింది.

కార్డు వెనక్కి వచ్చింది

ఆ సాయంత్రమే అంజమ్మ ఇంటికి వెళ్లాను. మొహం చెల్లక వాకిట్లోనే నిలబడ్డాను. ఆమె పీట వేసింది. జరిగిందంతా చెప్పాను. సంచి ఎక్కడిదో చెప్పాను, నేను పొలం తవ్వలేదని చెప్పాను, చలి అన్నది కూడా తప్పేనని చెప్పాను. "తప్పు నాది అంజమ్మా" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇప్పుడేస్తే లేస్తయా?" అంది.

భాస్వరం నాటేటప్పుడే వేరు దగ్గర పడాలి. పైరు ముదిరాక పైపైన వేస్తే పెద్దగా లాభం ఉండదు. ఆ మాట కూడా చెప్పాల్సి వచ్చింది. ఆమె లేచి లోపలికెళ్లింది. దేవుడి పటం పక్కనున్న కార్డు తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. "ఇగ ఇది నీ తాన్నే ఉండనియ్ మేడం" అంది.

నేను పెద్ద పటేల్ దగ్గరికి వెళ్లి బతిమాలాను. "పంట పోయింది ఆమె వల్ల కాదు పటేల్‌గారూ. మీ సంచి, నా కార్డు" అన్నాను. ఆయన తల దించుకున్నాడు. కానీ అప్పటికే గోడ కట్టి అద్దెకిద్దామని కొడుకులకు మాట ఇచ్చేశాడు. ఉగాదికల్లా గోడ లేచింది. ఇప్పుడక్కడ ఒక స్కూలు బస్సులు ఆగుతాయి. అంజమ్మ దుండిగల్ దాటాక ఎక్కడో ఎకరం చెల్క, అంటే ఎర్రమట్టి మెట్టపొలం, కౌలుకు పట్టిందని విన్నాను. దారిలో ఒకట్రెండుసార్లు ఎదురుపడింది. నన్ను చూసి "మంచిగున్నారా మేడం?" అంది. మీరు అంది. నాకు దుఃఖం వచ్చింది.

ఆ తర్వాత సంచులు తెచ్చే పద్ధతి మానేశాను. నా మండలం జిల్లాలో అడుగుకు పడిపోయింది. ఏడీ గారు నెమ్మదిగానే మందలించారు. మాట పడ్డాను. మోకాళ్లకు పట్టీలు కట్టుకుని తవ్వాను. తవ్వే ముందు ప్రతి రైతునూ మూడు మాటలు అడిగేదాన్ని. మంద ఎక్కడ ఆగుతుంది? పెంట ఎక్కడ పోస్తారు? ఈ భూమిని ఏం చేద్దామనుకుంటున్నారు? మూడోది అడగమని ఏ పుస్తకంలోనూ ఉండదు. మన వైపు మాత్రం అదే ముందు అడగాలి.

కుండీల డాక్టరమ్మ

చివరి రోజుల్లో మాదాపూర్ ఆఫీసుల్లో మిద్దెతోటల మీద మాట్లాడమని పిలిచేవారు. ఒకమ్మాయి ఫోన్లో మిర్చి మొక్క చూపించింది. ఆకులన్నీ అంచులు మాడిపోయాయి. "ఏం వేశావు తల్లీ?" అంటే "రోజుకో స్పూన్ డీఏపీ మేడం, రిమైండర్ పెట్టుకున్నా" అంది. నవ్వాపుకోలేకపోయాను. "నువ్వు రోజుకో కేకు తిను, నెల తర్వాత కనిపించు" అన్నాను. పాపం, బుద్ధిగా రాసుకుంది.

అలా నవ్వాను గానీ, వాళ్లను తక్కువ చేయను. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్లు వాళ్లు. అలాంటివాళ్లకు తప్పు చెబితే ఆ తప్పూ పొల్లుపోకుండా చేస్తారు. నాకు అప్పుడు అంజమ్మే గుర్తొచ్చేది.

ఆఖరి వారం

రిటైర్మెంటుకు నాలుగు రోజులుంది. ఆఫీసులో సామాను సర్దుకుంటున్నాను. గుమ్మంలో అంజమ్మ. జుట్టు నెరిసింది, మనిషి మాత్రం అలాగే ఉంది. చేతిలో గుడ్డ సంచి. బల్ల మీద పెట్టింది.

"మా చెల్క మట్టి మేడం. టమాటా పెడదామనుకుంటున్న. పరీక్ష చేపిస్తవా?"

మళ్లీ "చేపిస్తవా" అంది. సంతోషం పట్టలేక నా చెయ్యి అలవాటుగా ఫారం మీదికి పోయింది. పేరు రాయబోయి ఆగాను.

"ఎవరు తీశారు అంజమ్మా?"

"నేనే తీసిన."

"ఎన్ని గుంతలు?"

"నువ్వు చెప్పినన్ని."

నేను ఫారం మూసేశాను. బీరువా పక్కనున్న గడ్డపార తీశాను. "పద, పొలం చూపించు" అన్నాను. "నా మీద నమ్మకం లేదా మేడం?" అంది. "నా మీద లేదు" అన్నాను.

ఆటోలో వెళ్లాం. ఆమె దారి పొడుగునా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొలం చేరాక నేను అడగాల్సిన మూడు మాటలూ అడిగాను. ఆమె మంద ఆగే చోటు చూపించింది, పెంటకుప్ప చూపించింది. భూమి ఆసామి ఇప్పట్లో అమ్మడని చెప్పింది. వాటికి దూరంగా మొదటి గుంత తవ్వడం మొదలుపెట్టాను. ఎర్రమట్టి, గులకరాళ్లు.

అంజమ్మ గట్టు దగ్గరికి వెళ్లి సంచి తలకిందులు చేసి దులిపింది. నల్లటి మట్టి, మధ్యలో రెండు బంతిపూల రెక్కలు.

"ఏంటి అంజమ్మా అది?"

"మా ఇంటి ముందట పూలచెట్ల మట్టి" అంది నింపాదిగా. "ఏం చేస్తవో చూద్దామని తెచ్చిన."

ఆమె వచ్చి గడ్డపార నా చేతిలోంచి తీసుకుంది. "జర పక్కకు జరుగు మేడం. నీ మోకాళ్లు మంచిగ లేవు, కడమవి నేను తవ్వుతా. నువ్వు ఎక్కడెక్కడో చెప్పు." మిగతా ఏడు గుంతలూ ఆమే తవ్వింది. ఇద్దరం కూర్చుని మట్టి కలిపాం, నాలుగు భాగాలు చేశాం. సంచి కట్టేటప్పుడు అంది, "కార్డు వచ్చినంక నువ్వే తేవాలె. నౌకరి అయిపోయిందని ఎవలతోనన్న పంపకు."

రిటైరైన మూడో వారంలో కార్డు వచ్చింది. బస్సెక్కి నేనే తీసుకెళ్లాను. భాస్వరం తక్కువ, దుక్కిలో డీఏపీ వేయాలి అని చదివాను. రెండోసారి చదివించుకుంది. తర్వాత దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లోపలికి తీసుకెళ్లి, దేవుడి పటం పక్కన నిలబెట్టింది.